తైలికశ్రేణి: పూర్వోత్తర చరిత్రము

ప్రతివత్సరమును మన మహాసభా సంచికలో కులోత్పత్తిని గూర్చిన పురాణకథ యొకటి ప్రకటించుట ఆచారముగా వచ్చుచున్నది. మేమును పూర్వమట్టివి రెండు మూడు వ్రాసితిమి. ఈ యేటి సభ తార్నాకలో జరుగుచున్నది. మేము విద్య నేర్చినదియు, కాపురమున్నదియు, ఉద్యోగమునుండి విశ్రాంతి గొన్నదియు నచ్చటనే. కావున కార్యదర్శిగారు మా యింటికి దయచేసి, "పంతులుగారూ, ఈసారి పురాణము వలదు, మన పిల్లలకు పనికివచ్చు చరిత్రము వ్రాయుడు" అని కోరిరి. నువ్వులు పిండి నూనె తీయు పల్లెటూరి చిన్నవారు పూర్వమెట్లు కూటమి గట్టి లోకమున నమ్మకము సంపాదించిరో, ఆ నమ్మక మెట్లు చేజారెనో, మాకు తెలిసినంతవరకు విన్నవించెదము. ఇందు మా తప్పిదము నొకదానిని గూడ చెప్పవలసియున్నది. దానిని దాచి చరిత్రము వ్రాయుట మాకు తగదు.

తార్నాకయను పేరునకు 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా కావలి ఠాణా యని యర్థము. నిజాముల కాలమున నచ్చట తీగకంచెతో నొక తోటయు, దానికి కావలియు నుండెననియు, పేరట్లు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. దాని ప్రక్కనే 1918లో ఉర్దూ బోధనాభాషగా నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము గలదు. దాని ఆర్ట్సు కళాశాలా భవనము 1939లో ప్రారంభింపబడినది. ఆ గులాబీవన్నె రాతిమెట్ల మీద 1981లో మేము సంస్కృత విద్యార్థిగా మొదటిసారి కాలిడితిమి. మా తండ్రిగారు మా గ్రామమున గానుగ త్రిప్పినవారిలో కడపటివారు. గానుగెద్దు నమ్మిన సొమ్ముతోనే మమ్ము పట్టణపు బడికి బంపిరి. ఈ మాట మేము తోడివిద్యార్థుల కెన్నడును చెప్పియుండలేదు.

చెప్పకపోవుటకు కారణము గలదు. మనుస్మృతి నాలుగవ యధ్యాయమున, ఎవరినుండి దానము గొనరాదో చెప్పుచు, గానుగవానిని జంతువులను వధించువానికంటెను పదింతలు హీనునిగా లెక్కించినారు. ఆ పాఠము నడచిన దినమున గురువుగారు, వారు మిక్కిలి సహృదయులు, ఆ శ్లోకమును వివరింపక దాటిపోయిరి. వారికి మా యింటి సంగతి తెలియునేమో యని మేము నాలుగు దినములు తల యెత్తలేదు. గానుగలో నువ్వులతోపాటు పురుగులు గూడ నలుగునని వ్యాఖ్యాతలు కారణము చెప్పిరి. వడ్లు దంచు రోకలి క్రింద పురుగులు నలుగవా యని మాకప్పుడు తోచినది గాని యడుగు ధైర్యము లేకపోయెను.

ఆ మాసముననే విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఫ్లీటు దొరగారు 1888లో ప్రకటించిన గుప్తరాజుల శాసనసంపుటము మా చేతికి దొరకెను. అందు ఇందోరు తామ్రశాసనము గలదు. ఈ ఇందోరు మాళవదేశపు ఇందోరు గాదు, ఉత్తరప్రదేశమున బులంద్‌షహరు జిల్లాలోని గ్రామము. పూర్వము దానికి ఇంద్రపురమని పేరు. గుప్తసంవత్సరము 146లో, అనగా క్రీ.శ. 465 ప్రాంతమున, స్కందగుప్తుడు రాజ్యము చేయుచుండగా దేవవిష్ణువను బ్రాహ్మణుడు అచ్చటి సూర్యదేవాలయమున నిత్యదీపమునకై మూలధనమొసగెను. ఆ ధనము నెవరికి నప్పగించెను? రాజోద్యోగికి గాదు, పూజారికిని గాదు. జీవంతుడు పెద్దగా గల ఇంద్రపురపు తైలికశ్రేణికి. ఆ శ్రేణివారు దినమునకు రెండు పలముల నూనె తఱుగులేక పోయవలెను. శ్రేణి ఆ యూరు విడిచి మఱియొకచోటికి వెడలినను ఈ కట్టుబాటు చెల్లును, అయితే వారు చెదరక యొక్కటిగా నున్నంతకాలము మాత్రమే యని శాసనము చెప్పుచున్నది.

ఆ పుట చదివి మేము చాలసేపు పుస్తకము మూయలేదు. ఒక బ్రాహ్మణుడు తన ధర్మధనమును, ధర్మశాస్త్రము హీనమన్న గానుగవారి చేతిలో శాశ్వతముగా నుంచినాడు. గానుగవాడొక్కడు రేపు మరణింపవచ్చును, దేశాంతరము పోవచ్చును, కల్తీయు చేయవచ్చును. శ్రేణి యట్లు గాదు. అది యొక్కటిగా నున్నంతవరకు దానికి చావు లేదు. దాత నమ్మినది జీవంతుని మంచితనమును గాదు, ఒకని తప్పునకు తక్కినవారు పూచీపడుదురను కట్టడిని నమ్మెను. ఈ యొక్క విషయమును గ్రహించినచో మనము చెప్పబోవు తక్కిన చరిత్రమంతయు సుగమమగును.

ఇట్టిది ఇదొక్కటియే గాదు. నాసికు గుహలలో ఆభీరరాజగు ఈశ్వరసేనుని కాలపు శాసనమున, రోగులగు భిక్షువుల మందుల నిమిత్తము ఒక ఉపాసిక గోవర్ధనమునందలి వృత్తిశ్రేణులవద్ద ధనముంచెను. ఆ శ్రేణులలో నువ్వులు పిండువారి శ్రేణియు నొకటి. గ్వాలియరు కొండమీది 876వ సంవత్సరపు శాసనమున నూనెగానుగల పెద్దలు, గానుగ యొక్కంటికి పలిక చొప్పున దేవాలయమునకు నూనె యిచ్చుటకు ఒడంబడిరి. అందు పెద్దల పేర్లు వరుసగా చెక్కియున్నవి. రాజుల పేర్లు చెక్కుటకే రాయి చాలని కాలమున గానుగవారి పేర్లు చెక్కుట యల్పవిషయము గాదు.

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. తూర్పుగోదావరి ప్రాంతమున టేకి గ్రామమున దొరకిన తామ్రశాసనము మనవారందఱును తెలిసికొనదగినది. కులోత్తుంగచోళుని కుమారుడును, వేంగిదేశమునకు ప్రతినిధియు నగు రాజరాజ చోడగంగు 11వ శతాబ్ది చివర దీనిని వేయించెను. తెలికి కుటుంబములవారు పెండ్లిండ్లలో వధూవరులను గుఱ్ఱమెక్కించి వీథులవెంట ఊరేగించుకొనవచ్చునని అందు మర్యాద ప్రసాదింపబడినది. వారిని వేయిమంది సమూహముగా, 'తెలికి వేవురు' అని ఆ కాలపు శాసనములు పేర్కొనుచున్నవి. బెజవాడ వారి ముఖ్యస్థానములలో నొకటి. గుఱ్ఱపు ఊరేగింపును గూర్చి మన సభలలో ప్రసంగించువారు పెక్కురు గలరు. ఆ 'వేవురు' అను మాటను గూర్చి పలుకువారు తక్కువ. గుఱ్ఱము రాజిచ్చినది. వేవురు మాత్రము వారు తమంత తాము కట్టుకొన్నది. మొదటిది రెండవదాని వలననే వచ్చెనని మా యభిప్రాయము.

చిన్న ఉత్పత్తిదారులు ఒకచోట గుమిగూడుట ఊరక జరుగదు. మా బాల్యమున చూచినదానినిబట్టి చెప్పుచున్నాము. తెల్లవారుజామున మా తండ్రిగారు నువ్వులు రోట బోసి, ఎద్దును కాడికి గట్టి, నడుమ నడుమ నీరు చిలుకరించుచు వాయి తీసెడివారు. నువ్వులు బండిమీద ఒక పూట పయనములోనుండియే రావలెను, దూరమైనచో కూలి గిట్టదు. రోటిలోపలి చెక్క యరిగినప్పుడు దానిని మార్చుట యెల్ల వడ్రంగులకును చేతగాదు. పది గానుగలున్న యూరిలో మాత్రమే ఆ పని తెలిసిన వడ్రంగి నిలుచును. కుండలు చేయు కుమ్మరియు నట్లే. తెలగపిండి కొనుటకు పాడిపశువులవారు వచ్చెడివారు, వారి పేడ పొలమునకు పోయెడిది, పొలమునుండి నువ్వులు తిరిగి వచ్చెడివి. రైతు తన గింజలను తానే తెచ్చి పిండించుకొన్నచో పిండిని కూలిక్రింద విడిచెడివాడు, పైకము మాటయే లేదు. ఒకని యెద్దు జబ్బుపడినచో ప్రక్కింటి యెద్దు వచ్చెడిది. పిల్లవాడు ఆడుకొనుచునే, వాయి దిగు వేళను వాసనబట్టి కనిపెట్టెడివాడు.

1890లో ఇంగ్లండున ఆల్ఫ్రెడ్ మార్షల్ అను అర్థశాస్త్రజ్ఞుడు చిన్న పరిశ్రమలు ఒక ప్రాంతమున గుమిగూడుట వలని లాభములను విచారించెను. నేర్పుగల పనివారు దొరకుట, అనుబంధవృత్తులు దగ్గఱనే పెరుగుట, విద్య ఒకరినుండి యొకరికి వ్యాపించుట యని అతడు చెప్పినవాటిని విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదువు మా మిత్రుడొకడు మాకు వివరింపగా, "ఇది మా వాడకట్టు సంగతియే కదా" యంటిమి. అతడు నవ్వెను. మా కులమేదియో అతనికి తెలిసిన దినమదియే. నేటి యర్థశాస్త్రజ్ఞులు దీనినే 'క్లస్టరు' అని పిలుచుచున్నారు. శ్రేణి, సమూహము, వేవురు అను మాటలుండగా ఆ మాటతో మనకు పనిలేదు.

అయితే గుమిగూడుట వేఱు, ఒక్కటియగుట వేఱు. కన్నడదేశపు గాణిగులలో రెండెద్దులు గట్టి రాతిగానుగ త్రిప్పువారు హెగ్గాణిగులనియు, కొయ్యగానుగవారు కిరుగాణిగులనియు, ఒంటెద్దువారు మఱియొక తెగయనియు వేఱుపడిరి. పనిముట్టును బట్టి పంక్తులు వేఱయ్యెను. మనలోను గాండ్ల, తెలికుల, దేవతిలకుల యని పేరులు పలువిధములు. ఎవరు పెద్దయను తగవు నిన్నమొన్నటి వరకు మన సభలలోనే విన్నాము. సంస్కృతమున 'స్నేహ'మను మాటకు నూనెయనియు నెయ్యమనియు రెండర్థములున్నవి. మొదటిది మనము లోకమునకు బోసితిమి, రెండవదానిని ఇంట నుంచుకొనలేదు.

శ్రేణి యెట్లు చెడెను? ఒక్క దెబ్బతో గాదు. 1874లో వాడినుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను, 1889 నాటికి బెజవాడతో కలిసెను. దానితో గింజలు గానుగకు రాక బస్తాలలో నోడరేవులకు తరలసాగెను. దక్షిణదేశపు వేరుసెనగయు నువ్వులును ఫ్రాన్సుదేశమున మార్సెయ్ పట్టణపు మిల్లులలో నూనెయయ్యెను. తరువాత ఇచ్చటనే ఎక్స్‌పెల్లరు మిల్లులు వెలసెను, 1930 దశకమున వనస్పతి ఫ్యాక్టరీలు బలపడెను, స్వాతంత్ర్యానంతరము సాల్వెంటు ప్లాంట్లు వచ్చెను. నేడు దేశమున వాడుకొను వంటనూనెలో సగమునకు మించి విదేశములనుండి, ముఖ్యముగా పామాయిలు రూపమున, దిగుమతియగుచున్నది.

ఇందు లెక్క యొకటి గమనింపదగియున్నది. గానుగ పిండిలో నూటికి సుమారు పది పండ్రెండు పాళ్ల నూనె పిండబడక మిగులును. ఎక్స్‌పెల్లరు చెక్కలో ఆఱేడు పాళ్లు మిగులును. సాల్వెంటుతో తీసినచో ఒక పాలు మిగులుటయు నరుదు. కాబట్టి వెలలో గానుగవాడు మిల్లువానితో పోటీపడుట యెన్నటికిని జరుగని పని. అతడు పోటీపడగలిగినది గుణమున మాత్రమే. అయితే నూనెయొక్క గుణము కంటికి కనబడునది గాదు. కొనువాడు సీసానెత్తి వెలుతురున చూచినంతమాత్రమున అందేమి కలిసినదో తెలియదు. కాబట్టి అతడు కొనునది నూనెను గాదు, అమ్మువాని మాటను. దేవవిష్ణువును అదియే కొనెను.

ఈ లోపల మన వీథిప్రక్కనే జరిగినదానిని చెప్పవలెను. 1944లో హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము శాస్త్ర పారిశ్రామిక ప్రయోగశాలలను నెలకొల్పెను. అవి 1956లో కేంద్రపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి క్రిందికి వచ్చి, ప్రాంతీయ పరిశోధనాలయమై, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర తార్నాకలో నున్నవి. నూనెలు, కొవ్వులు అచ్చటి ముఖ్య పరిశోధనలలో జేరియుండెను. 1958లో కూనూరునుండి పోషకాహార పరిశోధనాలయము గూడ తార్నాకకే తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. ఏ నూనె యేమి చేయునో, అందేమి కలిసెనో తేల్చగల విద్వాంసులు దేశమున నింత దగ్గఱగా చేరినచోటు అరుదు.

వారిలో కె.టి. అచ్చయగారను రసాయన శాస్త్రజ్ఞుని పేరు మనవారు తెలిసికొనవలెను. ఆయన 1971 వరకు సుమారు ఇరువది యేండ్లు ఇచ్చటి ప్రయోగశాలలో నూనెలపై పనిచేసిరి. పిమ్మట భారతీయుల ఆహారచరిత్రమును వ్రాసి ప్రసిద్ధికెక్కిరి. ఆయన 1993లో మన గానుగను గూర్చియే యొక గ్రంథము ప్రకటించిరి. ఏ దేశమున రోలు రాతిది, ఎచ్చట కొయ్యది, ఎచ్చట ఒంటెద్దు, ఎచ్చట జోడెద్దులు, ఎచ్చట రోటి యడుగున రంధ్రముండి నూనె జారును, ఎచ్చట రంధ్రము లేక గుడ్డతో అద్ది పైకి తీయుదురు, ఇట్టివన్నియు శ్రద్ధతో కూర్చిరి. గాంధీమహాత్ముడు 1934లో స్థాపించిన గ్రామపరిశ్రమల సంఘమువారు వార్ధాలో గానుగను మెఱుగుపఱచిన ప్రయత్నమును గూడ చర్చించిరి. మన తాతముత్తాతల పనిముట్టునకు మనము చేయని గౌరవమును ఆ రసాయన శాస్త్రజ్ఞుడు చేసెను. మేమా ప్రయోగశాల గోడవెంట ముప్పదియేండ్లు పాఠశాలకు నడచితిమి. ఒక్కనాడైన గేటుదాటి లోపలికి పోయి, "మేము గానుగవారము, మా నూనెను పరీక్షించి చెప్పెదరా?" అని యడుగలేదు. ఎవరును వలదనలేదు. మేమే పోలేదు.

ఇక మా తప్పిదము. 2011లో మా గ్రామప్రాంతపు మనవారు తొమ్మిది కుటుంబములవారు మఱల గానుగలు పెట్టదలచిరి. ఎద్దులకు బదులు విద్యుత్తు మోటార్లు, రోలు రోకలి మాత్రము కొయ్యవే. పట్టణమున 'చెక్క గానుగ' నూనెకు ఆదరణ పెరుగుచుండెను. నియమావళి వ్రాయు పని మాకప్పగించిరి. మేము సంతోషముతో ఇంద్రపురపు శ్రేణిని తలచుకొని వ్రాసితిమి: నువ్వులు కలిసి కొనవలెను, ఒకే ముద్ర వేయవలెను, ఎవ్వరైన కల్తీ చేసినచో వెంటనే ముద్ర తీసివేయవలెను. మొదటి రెండేండ్లు చక్కగ జరిగినవి. విశ్వవిద్యాలయపు క్వార్టర్సులలోను, తార్నాక వీథులలోను మాకు తెలిసిన యిండ్లవారు డబ్బాలకు డబ్బాలు కొనిరి. వెల రెండింతలైనను అడుగలేదు.

మూడవయేడు భాద్రపదమున మేమూరికి పోయినప్పుడు, తొమ్మిదింటిలో నొక యింట, అది మా దగ్గఱి బంధువులదే, వాకిటి చాటున పామోలీను డబ్బాలు చూచితిమి. అడుగగా అతడు తల వంచుకొనెను. ఆ యింట పిల్ల పెండ్లి దగ్గఱపడియుండెను. ముద్ర తీసివేసినచో వియ్యమువారికి తెలియును, సంబంధము చెడును. "బావా, ఈ యొక్కమారు" అని అతడనగా, మేము నోరు మూసికొని తిరిగివచ్చితిమి. నియమము వ్రాసినవారము మేమే, చూచినవారమును మేమే.

మార్గశిరమున చలి పడినది. తార్నాకలో నొక యింటి యిల్లాలు మా నువ్వులనూనె సీసా తెచ్చి బల్లమీద నుంచెను. అడుగున తెల్లగ గడ్డ కట్టియుండెను. నువ్వులనూనె మన హైదరాబాదు చలికి గడ్డకట్టదు. ఆమె కోపపడలేదు. "మాస్టరుగారూ, మీరు చెప్పినారని కొన్నాము" అని మాత్రమనెను. సంక్రాంతినాటికి తొమ్మిదిండ్ల నూనెయు నిలిచిపోయెను. కల్తీ చేసినది ఒకడు. గానుగలు ఆగినవి తొమ్మిది. వారిలో నిద్దఱు అప్పులు తీర్చుటకు పొలమమ్ముకొనిరి. పెండ్లి మాత్రము జరిగినది.

ఇట్టిది దేశమంతటికిని జరిగిన ఉదాహరణము గలదు. 1998లో ఢిల్లీ ప్రాంతమున ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి, జలోదరము వంటి వ్యాధి వ్యాపించి అఱువదిమందికి పైగా మరణించిరి. ఆ యేడే ప్రభుత్వము వంటనూనెలు సీలు చేసిన డబ్బాలలోనే అమ్మవలెనను ఉత్తరువు జారీచేసెను. ప్రజారక్షణకది యవసరమే. కాని ఆ దెబ్బతో నిర్దోషులైన విడినూనె గానుగవారు వేలకొలది నష్టపడిరి, పెద్ద కంపెనీల డబ్బాలకు దారి తెఱవబడెను. చిన్నవారికి ఉమ్మడి ముద్ర లేనప్పుడు ఒకని పాపము అందఱి నెత్తిని పడును. పెద్ద కంపెనీకి తన పేరు తనకుండుటచే అది తప్పించుకొనును.

అయితే మన తెలుగువారిలోనే ఉమ్మడి మాట నిలుపుకొన్నవారు లేకపోలేదు. పూర్వపు కరీంనగరు జిల్లాలో, నేటి హనుమకొండ జిల్లాలో, ముల్కనూరను గ్రామము గలదు. అచ్చట 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డిగారు పదునాలుగు గ్రామముల రైతులకు సహకార పరపతి సంఘమును స్థాపించిరి. 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చుటతో ప్రభుత్వపు పెత్తనము లేక సభ్యులే సంఘము నడుపుకొను వీలు గలిగెను. ఆ చట్టము క్రింద 2000లో ఆ ప్రాంతపు స్త్రీలు తమ పాడి సహకారసంఘమును నడుపనారంభించి 'స్వకృషి' యను పేర పాలు అమ్ముచున్నారు. ఒకటి రెండు పశువులు గల యిల్లాండ్రే సభ్యులు. ప్రతి యింటి పాలును పరీక్షించి, వెన్నశాతమును బట్టి వెల కట్టుదురు. పరీక్షింపబడుటను అవమానముగా భావింపక హక్కుగా భావించుట అచ్చటి విశేషమని మాకు తోచినది.

కోనసీమలోని ఆత్రేయపురము మఱియొకటి. బోర్లించిన కుండ క్రింద మంటపెట్టి, బియ్యపు పలుచని పిండిలో ముంచిన గుడ్డను కుండమీద పఱచి తీసినచో పొరవంటి రేకు నిలుచును. రేకు తీయువారు కొందఱు, నేతితోను చక్కెరతోను బెల్లముతోను మడుచువారు మఱికొందఱు, అమ్మువారు వేఱు. మార్షల్ చెప్పినదంతయు ఆ యొక్క యూరిలో చూడవచ్చును. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించెను. దాని కొఱకు దరఖాస్తు చేసినది ఏ యొక్క దుకాణమును గాదు, తయారీదారుల సంఘము.

ఇటలీదేశమున పార్మా ప్రాంతపు జున్నువారి పద్ధతి యింతకన్న కఠినము. 1934లో వారు సంఘముగా నేర్పడిరి. నేటికిని సుమారు మూడువందల చిన్న పాలశాలలు వేఱువేఱుగనే జున్ను చేయుచున్నవి. ఏడాది ముదిరిన తరువాత సంఘపు పరీక్షకుడు వచ్చి ప్రతి జున్నుచక్రమును చిన్న సుత్తితో కొట్టి చప్పుడు వినును. దోషమున్నచో దానిమీది ముద్రను గీకివేయుదురు. ఆ పరీక్షకుడు భాద్రపదమున మా స్థానమున నుండినయెడల ఏమి చేసియుండునో మేము చెప్పనక్కఱలేదు.

నేడు తార్నాక మెట్రో స్టేషను క్రిందనుండి హబ్సిగూడ వైపు నడచినచో 'చెక్క గానుగ నూనె' యను పలకలు కనబడుచున్నవి. కొన్నింటిలో గాజుతలుపు వెనుక గానుగ తిరుగుచుండును, కొనువారు చూచి యానందింతురు. ఆ దుకాణదారులలో మనవారు చాల తక్కువ. మాకందులకు కోపము లేదు, వృత్తి యెవరి సొత్తును గాదు. కాని వారిలో గూడ ఒకరి నూనెకు మఱియొకరు పూచీపడుట లేదు. కాబట్టి వేవురు స్థానము నేటికిని ఖాళీగానే యున్నది.

ప్రభుత్వము 2020లో చిన్న ఆహారోత్పత్తిదారుల కొఱకు పదివేల కోట్ల రూపాయల పథకమును ప్రకటించెను. యంత్రముల వెలలో నూటికి ముప్పదియైదు పాళ్లు, పది లక్షలకు మించకుండ, సబ్సిడీగా నిచ్చుటయు, సంఘములకు ఉమ్మడి వసతులకై సహాయము చేయుటయు అందు గలవు. మన యువకులు పెక్కురు దానిని గూర్చి మమ్మడిగిరి. మా యుత్తర మొక్కటియే: సబ్సిడీ కొఱకు కట్టిన సంఘము సబ్సిడీ అందిన మఱునాడు చెదరును. ముందు పది గానుగలవారు కలిసి ఆఱునెలలు ఒకే ముద్రతో నమ్మిచూడుడు. నెలకొకమారు, ఏ యింటిదో చెప్పక, సీసా నొకదానిని పరీక్షకు పంపుడు. పరీక్షకుడు మన బంధువు కారాదు, మన కులమువాడును కారాదు. అటుపిమ్మట దరఖాస్తు వ్రాసికొనవచ్చును. కొందఱు పెద్దలు ఈ చివరి నియమమును కులాభిమానమునకు విరుద్ధమనిరి. ఇంద్రపురపు శ్రేణిని నమ్మినవాడును మన కులమువాడు గాడని వారికి మనవి చేసితిమి.

మఱియొక విన్నపము. మా తండ్రిగారి గానుగరోలు మా యూరి శివాలయము ముందట నేటికిని బోర్లపడియున్నది. పిల్లలు దానిమీద కూర్చుండి చింతకాయలు తినుచుందురు. ఇట్టి రోళ్లు మీ గ్రామములందెచ్చట నున్నను, అవి రాతివో కొయ్యవో, ఒంటెద్దువో జోడెద్దులవో, ఏ కుటుంబమువారివో, కడపటి వాయి యే సంవత్సరమున దిగినదో, ఆ వాడకట్టున ఎన్ని గానుగలుండెడివో పెద్దల నడిగి వ్రాసి పంపగోరుచున్నాము. శాసనములలో లేని మన వేవురు జాబితాను ఈ విధముగనైన కూర్చవలెనని మా తలంపు. జాబులు సభాకార్యాలయమునకు పంపవచ్చును. వ్రాయుట చేతగాని వృద్ధులు నోటితో చెప్పినను చాలును. సభ జరుగు రెండుదినములును మేము ద్వారముచెంత పుస్తకము పెట్టుకొని కూర్చుందుము.